ముట్టినట్టు సంతకం

జమ్మికుంటలో 2017 ఆగస్టు 15 నుంచి రోజూ పొద్దున, ఎనిమిది గంటలకు కాస్త ముందు, కూడళ్లలో పెట్టిన మైకుల్లో జాతీయగీతం వినిపించడం మొదలైంది. పత్తి ట్రాలీ ఉన్నచోటే ఆగుతుంది. హోటల్లో చాయ్ తాగుతున్న మనిషి గ్లాసు బల్లమీద పెట్టి లేస్తాడు. బడికి పోయే పిల్లలు సైకిల్ దిగి, హ్యాండిల్ ఒక చేత్తో పట్టుకుని నిటారుగా నిలబడతారు. యాభై రెండు సెకండ్లు. అక్కడి పోలీసుల చొరవతో మొదలైన ఈ పద్ధతి తర్వాత వేరే పట్టణాలకూ పాకి నల్లగొండ దాకా పోయింది. ఒక ఊరంతా ఒకేసారి పని ఆపి నిలబడటం చిన్న సంగతి కాదు. బజారులో ఎదురుపడ్డా పలకరించుకోని ఇద్దరు మనుషులు ఆ కాసేపు పక్కపక్కన ఉంటారు. దాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

గీతం అయిపోయాక పిల్లలు మళ్లీ సైకిలెక్కుతారు. ఏ ఊళ్లోనైనా బడికి పోయే దారిలో ఒక పగిలిన పైపో, మూతలేని మోరీనో, ఎప్పుడో వెలగడం మానేసిన వీధిదీపమో ఉంటుంది. దాని గురించి ఎవరిని అడగాలి, ఏమని అడగాలి, జవాబు రాకపోతే తర్వాత ఏంచెయ్యాలి అన్నది ఆ పిల్లలకు మనం నేర్పామా? సాంఘికశాస్త్రం చెప్పే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు. నిలబడటం బాగానే నేర్పాం. అడగటం దగ్గరే మన బడి ఆగిపోయింది.

ప్రార్థన వేళ రోజూ చేయించే ప్రతిజ్ఞ సంగతే చూడండి. అది మన భాషలో పుట్టింది. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ, చైనాతో యుద్ధం వచ్చిన 1962లో దాన్ని తెలుగులో రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా బడుల్లో వాడుకలోకి వచ్చింది. పగలంతా బిల్లులూ వోచర్లూ సరిచూసే ఉద్యోగి, ఏ పైసా ఎక్కణ్నుంచి వచ్చిందో ఎక్కడికి పోయిందో కాగితం మీద తేల్చే మనిషి, దేశంలోని పిల్లలందరూ పలికే మాటలు రాశాడన్న సంగతి నాకు ఎంతో ఇష్టం. తరగతిలో ప్రతిజ్ఞ గురించి చెప్పేటప్పుడు ఆయన ఉద్యోగం గురించి కూడా చెబుతాను.

ఇక పరీక్ష. పౌరుని బాధ్యతలు రాయమంటే పిల్లవాడు ఓటు వేయాలని, పన్నులు కట్టాలని, ప్రభుత్వ ఆస్తులను కాపాడాలని రాస్తాడు, మార్కులు పడతాయి. పద్నాలుగేళ్ల పిల్ల ఓటు వేయలేదు. ఆమె పేరుమీద పన్ను రాదు. రాజ్యాంగం 61వ సవరణతో 1989లో ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దిగింది, సంతోషమే. ఆ పద్దెనిమిది నిండేదాకా పౌరసత్వం ఆమెకు ఎప్పుడో రాబోయే సంగతిగానే మిగిలిపోతోంది. ఈ పాఠం మన బడుల్లోకి ఎలా వచ్చిందో చూస్తే ఆశ్చర్యం ఉండదు. తెల్లవాళ్ల ఏలుబడిలో జనం ఎదురు తిరగడం పెరుగుతున్న కాలంలో, పిల్లలకు విధేయత అలవాటు చెయ్యడానికి పౌరశాస్త్రాన్ని పెట్టారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ మాటే ఒప్పుకుని, పద్ధతి మార్చమంది. తర్వాత మన దగ్గరా పుస్తకాలు మారాయి, గ్రామసభ గురించీ చట్టాల గురించీ మంచి పాఠాలు వచ్చాయి. పుస్తకం మారినంత తొందరగా పరీక్ష మారలేదు.

కరీంనగర్ దగ్గరి ఒక ఊళ్లో, తొమ్మిదో తరగతి పిల్లలతో జరిగిన సంగతి చెబుతాను. బడి గేటు ముందు మోరి నిండి నీళ్లు రోడ్డుమీదికి వచ్చేవి. వానాకాలం ఆడపిల్లలు చెప్పులు చేత పట్టుకుని, గోడ అంచున అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వచ్చేవాళ్లు. స్థానిక ప్రభుత్వాల పాఠం చెబుతూ, దీని గురించి అర్జీ రాద్దామా అన్నాను.

"రాస్తే ఏమైతది సార్?" అని ఒకడు అడిగాడు. ఎగతాళి కాదు, వాడికి నిజంగా తెలియదు. "ఆళ్లు తీసుకుంటరా మనం రాస్తే?" అని వెనక బెంచీ నుంచి ఇంకొకడు.

ఎవరికి రాయాలన్న దగ్గరే మొదటి పీరియడ్ అయిపోయింది. సర్పంచుకా, కార్యదర్శికా, ఎంపీడీవోకా, కలెక్టరుకా? కొందరైతే ముఖ్యమంత్రికే రాద్దామన్నారు. ఆ మోరి ఎవరిదో తెలుసుకుని రమ్మన్నాను. ఇద్దరు పిల్లలు పోయి కారోబారును అడిగి వచ్చారు. రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్లది, పక్కనున్న మోరి పంచాయతీది. రోజూ దాటే చోట రెండు ప్రభుత్వాలు పక్కపక్కన ఉన్నాయని పిల్లలకు అప్పుడు తెలిసింది. మూడంచెల పంచాయతీరాజ్ వ్యవస్థ బొమ్మను నల్లబల్ల మీద నేను చాలాసార్లు గీశాను. అది వాళ్ల కాళ్లకింద ఉందని ఆ రోజు కనిపించింది.

రెండో పీరియడ్‌లో రాయడం. మొదటి చిత్తుప్రతులు చదివి నా మనసు బరువెక్కింది. అన్నీ సెలవుచీటీల్లాగానే ఉన్నాయి. మాయందు దయవుంచి, తమరి పాదాలకు నమస్కరించి, మీ విధేయులు. బడిలో మనం నేర్పిన ఒకే ఒక్క ఉత్తరం సెలవుచీటీ కదా, ఇంకేం రాస్తారు! ఈ నేల మీద రెండుమూడు తరాల కిందటిదాకా మనిషి దొర ముందు చెప్పులు విప్పి, బాంచెన్ అని చెయ్యి కట్టుకుని నిలబడ్డాడు. ఆ వంగుడు నడుముల నుంచి పోయినా, కాగితాల్లో ఇంకా ఉంది. దయ అన్న మాట తీసేసి రాయమన్నాను. అది తీసేస్తే ఏం రాయాలో తోచక తరగతి కాసేపు ఊరుకుంది. అప్పుడొక అమ్మాయి లేచి, "ఎక్కడినుంచి ఎక్కడిదాకా నీళ్లు నిలుస్తున్నయో కొలిచి రాద్దాం సార్" అంది.

అక్కణ్నుంచి అర్జీ దానంతటదే నడిచింది. పీఈటీ సార్ దగ్గర టేపు తెచ్చారు. కిరాణా దుకాణం దగ్గర్నుంచి బడిగేటు దాకా కొలిచారు. ఎన్నాళ్లుగా ఉందో దుకాణం ఆమెను అడిగి రాసుకున్నారు. నీళ్లలో జారిపడ్డవాళ్ల పేర్లు అడిగితే నాలుగు చేతులు లేచాయి. విషయం, స్థలం, కొలత, ఎప్పటినుంచి, ఎవరికి ఇబ్బంది, ఏం కావాలి. ఒక పేజీలో సగమే నిండింది. ఇంత తక్కువైతే బాగుంటుందా అని వాళ్లకు అనుమానం. అధికారికి చదవడానికి అంత చాలని చెప్పాను.

సాయంత్రం ఒక పిల్లవాడి తండ్రి బడికి వచ్చాడు. మంచి మనిషి, కోపంగా ఏమీ లేడు. "సార్, మావోని పేరు అందరికన్న మీద రాసిన్రట. మనకెందుకు సార్, ఎవ్వలతోనైనా మాటవడుడు? పేరు మీదుంటె కండ్లల్ల వడుతడు" అన్నాడు. ఆయన్ని పిరికివాడని అనుకోలేం. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నేల ఇది. కాగితం మీద మొదటి పేరు ఎవరిదని వెతికిన కాలాన్ని ఇక్కడి పెద్దలు చూశారు. తలవంచుకుని పోవడం ఒకప్పుడు ఇక్కడ ప్రాణం కాపాడిన తెలివి. ఆ భయాన్ని కొట్టిపారేసి ఏ పౌరపాఠమూ చెప్పలేం. మర్నాడు తరగతిలో ఎవరి పేరూ తీయకుండా ఈ సంగతి చెబితే, పిల్లలే ఉపాయం కనిపెట్టారు. వెనక పేజీలో కంచం పెట్టి గుండ్రంగా గీత గీసి, దాని చుట్టూ సంతకాలు చేశారు. మొదటి పేరూ లేదు, చివరి పేరూ లేదు.

రెండు ప్రతులు పట్టుకుని నలుగురు ఆఫీసుకు పోయారు. నేను బయట చెట్టుకింద నిలబడ్డాను, లోపలికి పోలేదు. లోపలున్నాయన కాగితం చూసి "ఆడ పెట్టిపోండి" అన్నాడట. ముగ్గురు వెనక్కి తిరిగారు. నాలుగో పిల్ల కదల్లేదు. "ముట్టినట్టు సంతకం పెట్టున్రి సార్, మా కాపీ మీద" అంది. ఆయన ఒకసారి తలెత్తి చూసి, డ్రాయరు లాగి, స్టాంపు వేసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. ఆ కాగితం తరగతికి వచ్చాక చేతులు మారుతూ అందరి దగ్గరికీ పోయింది. నీలిరంగు స్టాంపు మీద వేలు పెట్టి చూడనివాళ్లు లేరు. నా ఉద్యోగంలో అంతకంటే మంచి సాంఘికశాస్త్రం పీరియడ్ నాకు గుర్తులేదు.

మోరి వెంటనే బాగుకాలేదు. కొన్ని వారాల తర్వాత ట్రాక్టరులో పైపులు వచ్చి సగం పని అయింది. మిగతా దానికి నిధులు లేవన్నారు. "నిధులు ఎన్నున్నయో మనకెట్ల తెల్వాలె?" అని తరగతి. అట్లా మా పాఠం 2005 సమాచార హక్కు చట్టం దగ్గరికి వచ్చింది. ఆ చట్టంలో వయసు గురించి ఏమీ లేదు, పౌరుడైతే చాలు. లక్నోలో ఆరో తరగతి పాప ఒకతి గాంధీజీకి జాతిపిత అన్న బిరుదు ఏ ఉత్తర్వుతో ఇచ్చారో చెప్పమని ఈ చట్టం కిందే అడిగితే, 2012లో ఆ దరఖాస్తు ప్రధానమంత్రి కార్యాలయం నుంచి నేషనల్ ఆర్కైవ్స్ దాకా తిరిగింది, అలాంటి ఉత్తర్వేదీ లేదని తేలింది. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామస్థాయి ఆఫీసులో అడిగితే ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చింది. ఒక పేజీ, అంకెలు.

ఆ పేజీలో పిల్లలు చూసిన మొదటి అంకె నేను అనుకోనిది. ఆర్థికసంఘం నిధుల వరుస వదిలేసి వాళ్లు ఇంటిపన్ను వరుస పట్టుకున్నారు. ఊరినుంచి రావాల్సిన ఇంటిపన్నులో పెద్ద భాగం బాకీ ఉంది. తరగతి నిశ్శబ్దమైంది. "మా ఇంటిది గూడ ఉండొచ్చు సార్" అని ఒకడు మెల్లగా అన్నాడు. పన్నులు కట్టాలని నేను ఆ ఏడాది ఒక్కసారి కూడా చెప్పలేదు. పిల్లలు ఇళ్లకు పోయి అడిగారు. కొందరి ఇళ్లలో ఆ నెల కట్టారు, కొందరు కట్టలేదు, ఒకాయన మాత్రం మోరి పూర్తయినంక కడతానన్నాడట. ఆ జవాబు మీద తరగతిలో ఒక రోజంతా వాదన నడిచింది. ముందు పన్నా, ముందు పనా? రాజనీతి శాస్త్రవేత్తలు కూడా ఇంకా తెంచని ప్రశ్న అది. మా పిల్లలు తెంచలేదు. బాధ్యత అన్నది అడిగిన మనిషికే బరువుగా తెలుస్తుందని నాకు ఆ రోజు అనిపించింది. ఎన్నడూ ఏమీ అడగనివాడికి ఊరు వేరేవాళ్ల సొత్తు, వేరేవాళ్ల సొత్తుకు వాడెందుకు కాపలా కాస్తాడు?

ఈ ఆలోచనతోనే నేను ఆదిలాబాద్ వైపు చూస్తాను. చదువుకూ పౌరసత్వానికీ ఉన్న ముడిని అక్కడి అడవి మనకంటే ముందే చూసింది. అడవిశాఖ గీసిన హద్దులూ, చదవరాని కాగితాల మీద వేయించిన వేలిముద్రలూ గోండుల భూముల్ని మింగాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన మనుషులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ తర్వాత గోండుల కష్టమేమిటో చూడమని నిజాం ప్రభుత్వం పురమాయిస్తే, ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వచ్చి, భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం మొదలైంది. బడి చదువు ఉన్న గోండులే లేరు కాబట్టి, మరాఠీ అక్షరాలు అంతో ఇంతో వచ్చిన పెద్దవాళ్లను వెతికి తెచ్చి పంతుళ్లను చేశారు. నాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేశారు. పిల్లవాడు మొదటి అక్షరం తన తల్లి భాషలో చదివాడు. అక్కడ తయారైనవాళ్లలో కొందరు పంతుళ్లయితే, కొందరు పట్వారీ పనుల్లోకి, ఆఫీసు పనుల్లోకి పోయారు. పట్టా మీద ఏం రాసి ఉందో తనంతట తాను చదవగలిగిన గోండును మోసం చెయ్యడం అంత తేలిక కాదు. అంతకంటే సూటి పౌరశిక్షణ ఈ రాష్ట్రంలో ఇంకెక్కడ జరిగిందో నాకు తెలియదు. బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో పోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలు 2012లో అక్కడికే చేరాయి.

కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు కూడా ఆ 1940ల నాటిదే. పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు జన్నారం దగ్గరి హస్తినమడుగు నుంచి కాలినడకన గోదావరి నీళ్లు తెచ్చి పూజ చేస్తారు. జాతర నడుస్తుండగా ఒక రోజు అధికారులు అక్కడికే వచ్చి కూర్చుని జనం గోడు వింటారు. ఆఫీసు ఎక్కడుందో వెతుక్కుంటూ అడవి మనిషి పోవడం కాదు, అడవి మనుషులందరూ కలిసేచోటికి ఆఫీసే నడిచి రావాలన్నది దాని వెనకున్న ఆలోచన. నేను పోయిన ఏడు ఒక ముసలామె నా పక్కన నిలబడి ఉంది. పాలిథిన్ కవరులో ఆధార్ జిరాక్సు, పట్టాదారు పాసుపుస్తకం, నాలుగు మడతలు పెట్టిన దరఖాస్తు. కవరు మూతికి దారం చుట్టి ఉంది. వంతు వచ్చేదాకా ఆ దారం విప్పలేదు. కాగితం అధికారి చేతికి పోయాక, మనవడు అనుకుంటా, వెంటనే వంగి అడిగాడు, నంబరు వేసిస్తారా అని. మార్లవాయి బడి ఫలం ఆ కుర్రాడి నోట్లో ఉందని నాకనిపించింది.

కేస్లాపూర్ ఉన్నది ఇంద్రవెల్లి మండలంలో. ఆ ఇంద్రవెల్లిలోనే 1981 ఏప్రిల్ 20న, సోమవారం సంత రోజు, భూముల గోడు చెప్పుకోవడానికి రైతుకూలీ సంఘం సభకు గోండులు కదిలివచ్చారు. సభకు అనుమతి ఆఖరి ఘడియలో రద్దయింది. దూరపు గూడేల నుంచి నడిచి వచ్చినవాళ్లకు ఆ సంగతి తెలియదు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం లెక్క పదమూడు ప్రాణాలు, జనం చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. అక్కడ లేచిన స్తూపం దగ్గర ఏటా ఏప్రిల్ 20న నలుగురు గుమిగూడటానికి కూడా ఏళ్లతరబడి ఆంక్షలు ఉండేవి.

అధికారులు వచ్చి అర్జీలు తీసుకునే చోటు, అర్జీ చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు కూలిన చోటు, రెండూ ఒకే మండలంలో ఉన్నాయి. ఉపాధ్యాయుల శిక్షణలో పరిచయమైన ఒక గోండు మిత్రుడు, ఏజెన్సీ బడిలో పనిచేస్తాడు, తన తరగతి గురించి చెప్పాడు. పాఠం మొదలుపెట్టగానే పిల్లలు అడిగేది ఒకటే ప్రశ్న: "మనోళ్లు అడగనీకే పోయిన్రు గద సార్, మరెందుకు కాల్చిన్రు?" దానికి పుస్తకంలో జవాబు లేదు, ప్రశ్నపత్రంలో మార్కులు లేవు. ఆ ప్రశ్నకు ఏదో ఒకటి చెప్పేదాకా తన పిల్లలు హక్కుల పాఠం వినరన్నాడు. నేను ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తాను. దర్బారు ఒక్కటే చెబితే పిల్లలకు అబద్ధం చెప్పినట్టు. స్తూపం ఒక్కటే చెబితే వాళ్ల చేతిలోని కలం లాక్కున్నట్టు. రెండూ కలిపి, ఒకే పీరియడ్‌లో చెప్పాలి. అడగటం పౌరుడి వంతు అయితే, వినడం రాజ్యం వంతు. ఆ రెండో వంతు పిల్లలకు చెప్పకుండా బాధ్యతల జాబితా వల్లెవేయించడం న్యాయం కాదు.

అడగటానికి ఎన్ని దారులుంటాయో ఇటీవలి కాలంలో జగిత్యాల, కోరుట్ల రైతులు చూపించారు. లోక్‌సభ లెక్కలో ఆ రెండూ నిజామాబాద్ కిందికి వస్తాయి. పసుపుబోర్డు కావాలని, పసుపుకూ ఎర్రజొన్నకూ ధర కావాలని ఏళ్లుగా రోడ్లమీద అడిగి అలసిన రైతులు 2019 లోక్‌సభ ఎన్నికల్లో తామే నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థుల్లో 178 మంది రైతులు. ఆ నామినేషన్ వెనక ఉన్న పని ఆలోచించండి. ఒక్కొక్కరికి పదిమంది ప్రతిపాదకులు, ఇరవై ఐదు వేల డిపాజిట్, ఆస్తులూ కేసులూ రాసిన అఫిడవిట్, ఒక గుర్తు. పాత ఈవీఎంకు 64 పేర్లకు మించి పట్టవు. ఎన్నికల సంఘం కొత్తరకం యంత్రాలు తెప్పించి, ప్రతి బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టించాల్సి వచ్చింది. చట్టంలో ఒక్క అక్షరం దాటకుండా, ఒక్క రాయి విసరకుండా, రైతులు ఢిల్లీని తమ జిల్లా వైపు తిప్పుకున్నారు. 1996లో నల్లగొండ ఫ్లోరైడ్ బాధితులు ఇలాగే చేశారు, అప్పుడు 480 మంది అభ్యర్థులు. జాతీయ పసుపుబోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. దాని వెనక ఎన్నో కారణాలుండొచ్చు. ఎన్నికల పాఠం చెప్పేటప్పుడు మాత్రం నేను ఈ పన్నెండు యూనిట్ల వరసతోనే మొదలుపెడతాను. మెట్‌పల్లి వైపు చుట్టాలున్న ఒక పిల్ల "మా పెద్దబాపు గూడ నిలబడ్డడు సార్" అంటే తరగతంతా ఆమె వైపు తిరుగుతుంది. ఆ రోజు పాఠం ఆమెనే చెప్పమంటాను.

హక్కుల గురించి ఎక్కువ చెబితే పిల్లలు ఎదురు మాట్లాడటం నేర్చుకుంటారని, ముందు విధులు చెప్పాలని తోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు. వాళ్లకు నేను రాజ్యాంగంలోని 51ఏ అధికరణమే చూపిస్తాను. 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, 42వ సవరణతో పది ప్రాథమిక విధులు చేరాయి. 2002లో పదకొండోది చేరింది. ఆ పదింటిలో ఒకటి శాస్త్రీయ దృక్పథాన్నీ, మానవతావాదాన్నీ, ప్రశ్నించి తెలుసుకునే తత్వాన్నీ, సంస్కరణ దృష్టినీ పెంచుకోవడం. ప్రశ్నించడం మన దేశంలో హక్కుతో పాటు విధి కూడా. దాన్ని నెరవేర్చిన పిల్లను బెంచీ ఎక్కించే బడి ఏ విధులు నేర్పుతున్నట్టు?

బాధ్యత పేరుతో జరిగే కొన్ని పనులు నాకు బాధ కలిగిస్తాయి. స్వచ్ఛత ర్యాలీలో పిల్లలు పట్టుకున్న అట్టల మీద అక్షరాలు సార్లవే ఉంటాయి. చీపురు పట్టుకున్న ఫొటో అయిపోగానే చీపురు స్టోర్‌రూమ్‌కు పోతుంది. తరగతి లీడరును టీచరే పేరుపెట్టి పిలుస్తాడు. బడిలో నిజమైన పని లేదా? మధ్యాహ్న భోజనం మెనూ గోడమీద రాసి ఉంది. గుడ్డు ఇయ్యాల్సిన రోజు గుడ్డు వచ్చిందా అని పిల్లలే ఎన్నుకున్న ఇద్దరు నోటుబుక్కులో రాసుకుంటూ, నెలాఖరున హెడ్మాస్టరుకు చదివి వినిపిస్తే చాలు, ఆడిట్ అంటే ఏమిటో ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. వంటచేసే అమ్మలకు బిల్లులు ఎప్పుడు వచ్చాయో, ఎన్ని నెలలు రాలేదో కూడా అదే నోటుబుక్కులో రాయించాలి. గుడ్డు రాని రోజు తప్పు ఎవరిదో తొందరపడి తేల్చకూడదని పిల్లలు అప్పుడు నేర్చుకుంటారు.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. సాటింపు వేస్తారు, చాలాచోట్ల వచ్చేది పదిమంది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిశాక ఎంతోకాలం ఊళ్లకు ప్రత్యేకాధికారులే దిక్కయ్యారు. ఆ రోజుల్లో గ్రామసభ పాఠం చెబుతుంటే, మన సర్పంచు ఎవరని పిల్లలు అడిగితే చెప్పడానికి పేరు లేదు. ఓటు లేని పిల్లలు గ్రామసభలో తీర్మానాలకు చెయ్యెత్తలేరు. కూర్చుని వినడానికి మాత్రం ఎవరూ అడ్డుచెప్పరు. ఆ పూట తొమ్మిదో తరగతిని అక్కడికి తీసుకుపోవడం టైంటేబుల్‌లో ఒక భాగం కావాలి.

ఇంకొకటి అడుగుతాను. ఆగస్టు 15కూ, జనవరి 26కూ ఊరంతా ఎలాగూ ఒకచోటికి వస్తుంది. బడిలో జెండా ఎగరేశాక, ఉపన్యాసాలకు ముందు, పదో తరగతి పిల్ల ఒకరు ఊరి లెక్క చదవాలి. ఇంటిపన్ను ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఆర్థికసంఘం నుంచి ఎంత దిగింది, మోరీలకు ఎంత పోయింది, బల్బులకు ఎంత, ట్రాక్టరు డీజిలుకు ఎంత. చదివాక పది నిమిషాలు ప్రశ్నలు. కార్యదర్శి అక్కడే ఉంటారు కాబట్టి జవాబు చెప్పొచ్చు. తెలియనిది వచ్చే గ్రామసభలో చెబుతానన్నా సరే, ఆ మాట రాసుకుంటే చాలు. దీనికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు, ఖర్చు లేదు. హెడ్మాస్టరు, కార్యదర్శి ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి. లెక్కల కాగితం వారం ముందే తరగతికి అందాలి, చదివే పిల్ల సాధన చేసుకోవడానికీ, అర్థంకాని పద్దుల గురించి ముందే పోయి అడిగి తెలుసుకోవడానికీ.